నెలకు 7,500 కట్టే అతిథి: ఎస్సార్ నగర్ పీజీలో ఏడు నెలలు

ఎస్సార్ నగర్ మెట్రో స్టేషను నుంచి పది నిమిషాల నడక దూరంలో ఉన్న ఒక మగవారి పీజీలో ఏడు నెలలు ఉండి, గత నెలాఖరున ఖాళీ చేశాను. అమీర్‌పేటకు కోచింగు కోసం వచ్చేవారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను. యజమానిని ఇబ్బంది పెట్టే ఉద్దేశం లేదు కనుక పేరు చెప్పడం లేదు.

ముందుగా బోర్డు సంగతి. భవనం మీద 'పేయింగ్ గెస్ట్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది గాని, లోపల ఉండే వారెవరూ తమను గెస్టులుగా చెప్పుకోరు. 'పీజీలో ఉంటున్నాను' అంటారు. ఆ రెండక్షరాల వెనుక ఉన్న మాట అందరికీ తెలియదు. నేను పీజీలో చేరానని ఫోనులో చెప్పినప్పుడు మా నాయనమ్మ పై చదువుకు సీటు వచ్చిందనుకుని ఊళ్లో నలుగురికీ చెప్పింది. ఒక కుటుంబం తమ ఇంట్లోనే ఒక గది ఇచ్చి, తాము తినేదే పెట్టి, అందుకు నెలకింత అని తీసుకునే ఏర్పాటుకు ఒకప్పుడు ఆ పేరు పెట్టారు. నేనున్నది అరవై మంచాలున్న నాలుగంతస్తుల భవనం. యజమాని ఉండేది వేరే పేటలో. ఇల్లు పోయినా 'గెస్ట్' మాత్రం బోర్డు మీద మిగిలింది.

ముగ్గురుండే గదికి మనిషికి నెలకు 7,500 రూపాయలు. మూడు పూటలా భోజనం అందులోనే. పొద్దుటి టిఫిన్లలో ఇడ్లీ, పూరీ బాగుంటాయి. ఉప్మా ఉన్న రోజు బయట తినడం మేలు. రాత్రి పప్పు పలచబడుతుంది గాని, ఆదివారం మధ్యాహ్నం కోడికూర విషయంలో వంట మనిషి ఎవరినీ తక్కువ చేయడు. రెండోసారి అడిగినా విసుక్కోకుండా వడ్డించే ఆ ఒక్క పూట మాత్రం నాకు బోర్డు మీది మాట నిజమే అనిపించేది. నీళ్లకు ఇబ్బంది లేదు. వైఫై సాయంత్రం ఏడు తర్వాత ఆశించవద్దు.

ఇక నేను ప్రత్యేకంగా రాయదలచుకున్న విషయానికి వస్తాను. నాలుగో నెలలో మా పెదనాన్న పంజాగుట్టలోని నిమ్స్‌లో చూపించుకోవడానికి చెప్పాపెట్టకుండా వచ్చి, ఒక రాత్రి నా గదిలో పడుకున్నారు. తెల్లవారగానే వార్డెన్ 300 రూపాయలు తీసుకుని, రసీదులో 'గెస్ట్, ఒక రాత్రి' అని రాసిచ్చాడు. పెదనాన్న ఆ కాగితాన్నీ, గోడ మీది బోర్డునూ మార్చి మార్చి చూసి, "ఏరా, ఇంతకీ గెస్టువి నువ్వా, నేనా?" అని అడిగారు.

మాట అర్థాన్ని బట్టి చూస్తే తీర్పు ఆయన వైపే ఉంటుంది. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని మన పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. వ్యాకరణవేత్తలు దానిని ఎడతెగక తిరగడం అనే అర్థమున్న 'అత' ధాతువు నుంచి సాధిస్తారు. మనుస్మృతి మూడవ అధ్యాయంలో, ఒక్క రాత్రి ఉండే బ్రాహ్మణుడే అతిథి అని, నిలకడగా ఉండడు కనుకనే అతనికి ఆ పేరు అని ఉంది. వాడుక తెలుగులో అయితే ఇంటికి అతిథులు వచ్చారని ఎవరూ అనరు, చుట్టాలు వచ్చారంటారు. కాని ఎక్కువ రోజులు ఉండరాదన్న షరతు మన 'చుట్టపుచూపు'లో కూడా ఉంది. అతిథి అన్న మాటను మనం సభల్లో ముఖ్య అతిథికీ, ప్రభుత్వ అతిథి గృహాలకూ, పీరియడ్ల లెక్కన జీతం తీసుకుంటూ ఏళ్ల తరబడి అదే కళాశాలలో పాఠాలు చెప్పే అతిథి అధ్యాపకులకూ అప్పగించాము. ఆ అధ్యాపకులకూ పీజీ వాసులకూ పోలిక ఒక్కటే: ఎంతకాలం ఉన్నా ఆ చోటు తమది కాదని చెప్పడానికే ఇద్దరికీ ఈ మర్యాద పేరు.

పన్ను చట్టం లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. మనిషికి నెలకు 20,000 రూపాయలు మించకుండా, ఎడతెగకుండా కనీసం 90 రోజులు ఉండేందుకు ఇచ్చే వసతికి 2024 జులైలో జీఎస్టీ మినహాయింపు ప్రకటించారు. అంటే శాస్త్రం ఒక్క రాత్రి ఉన్నవాడిని గౌరవిస్తే, చట్టం మూడు నెలలు ఉన్నవాడికి వెసులుబాటు ఇస్తుంది. నాకు రెండోదే లాభించింది కనుక ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు ఉన్నది అడ్వాన్సు గురించి. చేరేటప్పుడు 3,000 తీసుకున్నారు. ఖాళీ చేస్తానని నెల ముందే చెప్పినా, మెయింటెనెన్స్ పేరుతో 1,000 పట్టుకుని మిగిలింది ఇచ్చారు. ఈ కోత గురించి చేరేటప్పుడు నోటితో చెప్పారు గాని రసీదులో రాయలేదు. మీరు చేరితే అడిగి రాయించుకోండి.

మూడు నెలలకు పైగా ఉండే విద్యార్థులకు ఈ చోటును నేను సిఫారసు చేస్తాను. అయిదుకు మూడున్నర ఇస్తాను. ఊరి నుంచి మీవాళ్లెవరైనా ఒక రాత్రికి వస్తుంటే మాత్రం వార్డెన్‌కు ముందురోజే చెప్పండి. తేదీ చెప్పి వచ్చిన గెస్టుకు 250 అని, చెప్పకుండా వచ్చినవారికే 300 అని నాకు ఖాళీ చేసే రోజున తెలిసింది.