మ్యూనిక్ నుంచి పెళ్ళి చీరల దాకా: పదేళ్ళు వాడిన నా సూట్‌కేసు

2015 నవంబరులో చెన్నై పాండీ బజారులో ఈ సూట్‌కేసు కొన్నాను. 28 అంగుళాల పెట్టె, పాలికార్బొనేట్ ప్లాస్టిక్ డొప్ప, నాలుగు చక్రాలు, ముదురు నీలం రంగు, ధర 7,800 రూపాయలు. ఉద్యోగం మీద జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ వెళ్ళాల్సి ఉండి కొన్నది. ఇప్పుడు దాన్నే మంచం మీద తెరిచి పెట్టుకుని చెల్లి పెళ్ళి చీరలు సర్దుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టెలు చాలా కంపెనీలు చేస్తున్నాయి, నేను చెప్పే మంచీ చెడూ ఎక్కువగా ఆ రకానికే చెందుతాయి.

దాని మొదటి ప్రయాణం విమానంలో జరగలేదు. కొన్న నెల తిరగకుండానే డిసెంబరు వరద వచ్చింది. అప్పుడు సైదాపేటలో మాది కింది వాటా. అడయారు నీళ్ళు వీధిలోకి వస్తున్నాయని తెలియగానే నాన్న ఇంటి కాగితాలు, మా ఇద్దరి సర్టిఫికెట్లు, అమ్మ పెళ్ళి పట్టుచీర ఇందులో పెట్టి తలకెత్తుకున్నారు. మోకాలి లోతు నీళ్ళలో నడిచి, చీకట్లో మెట్లు తడుముకుంటూ పైవాటా వాళ్ళ ఇంటికి చేర్చారు. ఒక్క కాగితం తడవలేదు. అయితే జిప్పు ఉన్న పెట్టె వానకు ఆగుతుందే తప్ప నీళ్ళలో మునిగితే ఆగదు. ఆ రోజు దాన్ని కాపాడింది నాన్న తల.

డొప్ప విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. మ్యూనిక్ విమానాశ్రయంలో మొదటిసారి బెల్టు మీదికి వచ్చినప్పుడు ఒక మూల అరచేయంత సొట్ట పడి ఉంది. గదికి వెళ్ళి లోపలి నుంచి బొటనవేళ్ళతో నొక్కితే టప్‌మని పైకి వచ్చేసింది, తెల్లటి గీత ఒకటి మిగిలిందంతే. చవకగా వచ్చే ఏబీఎస్ ప్లాస్టిక్ పెట్టె అలా వంగి తిరిగి లేవదు, పగులుతుంది. మా సహోద్యోగి పెట్టె ఆ ఏడాదే అలా పోయింది. బరువు మాత్రం కొనేముందే చూసుకోవాలి. ఇది ఖాళీగానే 4 కిలోల 300 గ్రాములు. టికెట్టు మీద 23 కిలోలు ఇచ్చారంటే మనకు మిగిలేది పద్దెనిమిదిన్నర చిల్లర. కొలత కూడా చక్రాలతో కలిపి చూడాలి. చాలా విమాన సంస్థలు పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్ల దాకా ఒప్పుకుంటాయి. ఇది సరిగ్గా ఆ అంచున నిలుస్తుంది.

ఏప్రిల్‌లో సెలవుకు వచ్చి, మే నెలలో అమ్మానాన్నలను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. పాల పదార్థాలు ఐరోపాలోకి తీసుకెళ్ళకూడదు కాబట్టి నెయ్యి సీసా ఇంట్లోనే ఉండిపోయింది. కొత్తావకాయ మాత్రం బయల్దేరింది. మూత చుట్టూ గుడ్డ కట్టినా నూనె కారింది. ఎర్రటి మరక లైనింగ్ మీద ఇప్పటికీ అలాగే ఉంది. సబ్బు, నిమ్మరసం, ఎండ, ఏవీ దాన్ని పోగొట్టలేదు. మొన్న చీరలు సర్దుతుంటే చెల్లి దాని మీద వేలు పెట్టి, "అక్కా, ఇది మ్యూనిక్ ఆవకాయేనా?" అని అడిగింది. అంతే, అమ్మ చేతిలోని చీర పక్కన పెట్టి కూర్చుంది.

అమ్మకు ఆ ఊళ్ళో అన్నిటికంటే గుర్తుండిపోయింది మరియెన్‌ప్లాట్జ్‌లోని కొత్త టౌన్‌హాల్ గోపురం. పదకొండు గంటలకు గంటలు మోగుతాయి, పై అంతస్తులో నిలువెత్తు బొమ్మలు తిరగడం మొదలుపెడతాయి. అది ఒక పెళ్ళి వేడుక. 1568లో, తర్వాత అక్కడి ప్రభువైన ఐదవ విల్‌హెల్మ్‌కూ లొరైన్ రాకుమారి రెనాటాకూ జరిగిన పెళ్ళి. వధూవరుల ముందు గుర్రపు వీరులు ఈటెలతో తలపడతారు. రెండో చుట్టులో నీలం, తెలుపు రంగుల బవేరియా వీరుడు అవతలివాణ్ణి పడగొడతాడు. కింది అంతస్తులో పీపాలు చేసేవాళ్ళు నాట్యం చేస్తారు. "నాలుగువందల ఏళ్ళ కిందటి పెళ్ళిని రోజూ చేస్తున్నారు చూడవే" అని అమ్మ పన్నెండుకు మళ్ళీ చూడాలని పట్టుబట్టింది, అక్కడే నిలబడి చూసింది కూడా. ఆ కథ చెల్లికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మొన్న చెప్పినప్పుడు మాత్రం గొంతు కొంచెం వణికింది.

ఇక చక్రాలు. నాలుగు చక్రాల పెట్టె నున్నటి నేల మీద వేలితో తోస్తే పోతుంది. కానీ ఆ ప్రయాణంలోనే ప్రాగ్ కూడా వెళ్ళాం, అక్కడి పాత ఊళ్ళో వీధులన్నీ రాళ్ళు పరిచినవి. చార్లెస్ వంతెన 516 మీటర్లు. సగం దాటేసరికి ఒక చక్రం బీట వేసింది. మిగతా సగం నాన్నా నేనూ చెరో పక్క పట్టుకుని మోశాం. అలాంటి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు పెద్ద చక్రాలు రెండే ఉన్న పెట్టె మేలు. చెన్నై వచ్చాక మా వీధి చివర బ్యాగులు బాగుచేసే పెద్దాయనకు చూపించాను. చక్రాలు రివెట్లతో బిగించినవి కావడంతో ఆయన వాటిని డ్రిల్లుతో తొలిచి తీసి, రెండు కొత్తవి స్క్రూలతో బిగించారు, 600 రూపాయలు తీసుకున్నారు. కొనేటప్పుడు లైనింగ్ జిప్పు తీసి లోపల స్క్రూ తలలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. నా దృష్టిలో రంగు, తాళం, కంపెనీ పేరు అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

చెన్నై తేమ దీన్ని వదల్లేదు. ఐదో ఏట పిడి మీది మెత్తటి రబ్బరు చేతికి జిగురుగా అంటుకోవడం మొదలైంది, స్పిరిట్‌తో తుడిస్తే పోయింది. ఏడో ఏట లోపలి జేబుల పూత పొట్టులా రాలసాగింది. దానికి మందు లేదు. అందుకే పట్టుచీరలు లైనింగ్‌కు తగలనివ్వడం లేదు. నాన్న పాత నూలు పంచెలు ఉతికి ఆరబెట్టి అడుగున పరిచాను, ఒక్కొక్క చీరను విడిగా చుట్టాను, జరీ లోపలి వైపుకు మడిచాను. ప్లాస్టిక్ కవర్లు లేవు, నాఫ్తలీన్ ఉండలు లేవు. మూలల్లో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేశాను. కంచిలో కొన్న ముహూర్తం చీర 850 గ్రాములు తూగింది. ఒంటికీ అంచుకూ వేర్వేరు నాడెలు వాడి, నేస్తూనే పోగులను ఒకదానితో ఒకటి కలిపే కోర్వై నేత. అలాంటిదానికి జిప్పు పళ్ళు తగిలితే ఒక్క పోగు చాలు. అందుకే అది అన్నిటికీ మధ్యలో ఉంది. రెండో సగంలో మధుపర్కాలు, భాషికాలు, అడ్డుతెర. పసుపూ కుంకుమా మాత్రం వేరే స్టీలు డబ్బాలో.

పెళ్ళి పనికి దీని లోపం ఒకటి కచ్చితంగా చెప్పాలి. పుస్తకంలా రెండుగా తెరుచుకుంటుంది కాబట్టి రెట్టింపు చోటు కావాలి. నెల్లూరులో కల్యాణమండపం చూడటానికి వెళ్ళినప్పుడు పెళ్ళికూతురి గది కొలిచి వచ్చాను. ఇది తెరిస్తే నడవడానికి దారి ఉండదు. పైకి మూతలా తెరుచుకునే పెట్టె అయితే గోడవారన ఇమిడేది. పెళ్ళి కోసమే కొనేవాళ్ళు అదే తీసుకోండి.

పెళ్ళయ్యాక ఈ పెట్టెను హైదరాబాదు తీసుకెళ్తానని చెల్లి అంటోంది. "సారెకు పాత పెట్టె ఏమిటే, నలుగురూ ఏమనుకుంటారు?" అంది అమ్మ. సారెకు కొత్తది కొందామనీ, తన బట్టలకు మాత్రం ఇదే కావాలనీ చెల్లి తేల్చి చెప్పింది. లైనింగ్ మార్పిస్తానంటే మరక ఉన్న ముక్కను కదిలించవద్దంది. పెళ్ళి కాగానే చీరలు తీసేసి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తాను. ఈసారి చక్రాలు నాలుగూ మార్పించి, జేబుల పూత గీకించి, కొత్త గుడ్డ కుట్టించాలి. మరక దగ్గర చాక్‌పీసుతో గీత గీసి ఉంచాను.