మౌనమా, ఇంటర్వ్యూనా, కోర్టా? బ్రిటన్ రాజకుటుంబానికి ఏది మేలు?

2017 సెప్టెంబరులో ప్రిన్స్ విలియం భార్య కేట్ వేవిళ్లతో ఉన్నారు. ఆమెకివ్వమని ఓ పిల్లవాడు విలియం చేతికి అవకాడో అందిస్తే, లండన్ పత్రిక ఒకటి ముచ్చటపడి రాసింది. 2019 జనవరిలో విలియం తమ్ముడు హ్యారీ భార్య మేఘన్ కడుపుతో ఉన్నారు. ఆమెకిష్టమైన అవకాడో వెనక కరువూ హత్యలూ ఉన్నాయని మరో పత్రిక బయటపెట్టింది. పండు అదే, కోడళ్లిద్దరూ ఒక ఇంటివారే.

ఇలాంటి రాతలను ఎలా ఎదుర్కోవాలి? ఫిర్యాదు చేయవద్దు, సంజాయిషీ ఇవ్వవద్దు అన్నది ప్యాలెస్ పాత పద్ధతి. విలియం, కేట్ చాలావరకు దాన్నే పట్టుకున్నారు. హ్యారీ, మేఘన్ నోరు విప్పారు.

జనాదరణే కొలబద్ద అయితే మౌనానిదే గెలుపు. 2018 మేలో విండ్సర్‌లో పెళ్లి నాటికి హ్యారీ దేశానికి ముద్దుల యువరాజు. 2021 మార్చిలో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రేకు ఇంటర్వ్యూ, 2022 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ సిరీస్, మరుసటి నెలలో ఆత్మకథ 'స్పేర్'. పుస్తకం బ్రిటన్‌లో తొలిరోజే 4 లక్షల ప్రతులు అమ్ముడైంది, సర్వేల్లో ఆయన ఆదరణ మాత్రం మునుపెన్నడూ లేనంతగా పడిపోయింది. ఇంటి గుట్టు కొని మరీ చదువుతారు, చెప్పినవాడిని మెచ్చరు!

అయితే ఆ మౌనం కూడా మచ్చలేనిదేమీ కాదు. ఫోన్ సందేశాలను దొంగచాటుగా విన్న ఫోన్ హ్యాకింగ్ వ్యవహారంలో 'సన్' పత్రిక యాజమాన్యం నుంచి విలియం 2020లో పెద్ద మొత్తమే తీసుకుని గుట్టుగా రాజీపడ్డారని హ్యారీ కోర్టు పత్రాల్లో పేర్కొన్నారు. 2024లో కేట్ శస్త్రచికిత్స తర్వాత వివరాలు చెప్పకపోవడంతో పుకార్లు ముసిరాయి. వాటిని అణచడానికి మార్చి 10న విడుదల చేసిన ఫొటోలో మార్పులు ఉన్నాయని వార్తా సంస్థలే దాన్ని వెనక్కి తీసుకున్నాయి. మరునాడు కేట్ క్షమాపణ చెప్పారు. చివరికి మార్చి 22న తనకు క్యాన్సరని ఆమే వీడియోలో చెప్పవలసి వచ్చింది. జబ్బుతో ఉన్న మనిషికి అదెంత శిక్ష!

నన్నడిగితే ఈ రెండింటికంటే కోర్టే నయం. ఇంటర్వ్యూలో దోషులుగా నిలబడేది హ్యారీ తండ్రి, అన్న; కోర్టులో పత్రిక. మేఘన్ తన తండ్రికి రాసిన లేఖను అచ్చువేసిన పత్రికపై ఆమె గెలుపును 2021 డిసెంబరులో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. 2025 జనవరిలో 'సన్' యాజమాన్యం హ్యారీకి క్షమాపణ చెప్పింది. ఆయన తల్లి డయానా జీవితంలోకి చొరబడినందుకూ చెప్పింది. ఏళ్ల తరబడి లాయర్లను పోషించగలిగినవారికే ఇది సాధ్యమనుకోండి. పోయిన జనాదరణ తీర్పులతో తిరిగిరాలేదు కూడా.

కానీ కోర్టులో ప్రతి మాటకూ లెక్క ఉంటుంది. 2023 జూన్‌లో హ్యారీ స్వయంగా బోనెక్కి 'మిర్రర్' పత్రిక లాయరు ప్రశ్నలకు జవాబిచ్చారు. పరిశీలించిన 33 కథనాల్లో 15 అక్రమంగా సేకరించిన సమాచారంతో రాసినవని జడ్జి తేల్చి, 1,40,600 పౌండ్ల పరిహారం ఇప్పించారు. మిగిలిన 18 నిలబడలేదు. ఓప్రా ముందు చెప్పినవాటిలో ఎన్ని నిలబడతాయో ఎవరూ లెక్కగట్టలేదు.