సెకండ్ లైఫ్ సీఈఓ గారూ, ముందు చేతికంటుకున్న ఆ పెట్టె వదిలించుకోండి

2003 జూన్ 23న తలుపులు తెరిచిన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. దాన్ని నడిపే లిండెన్ ల్యాబ్‌లో పెద్ద కుర్చీ మాత్రం చాలా చేతులు మారింది. మొదట స్థాపకుడు ఫిలిప్ రోజ్‌డేల్, 2008లో మార్క్ కింగ్‌డన్, తర్వాత రాడ్ హంబుల్, 2014లో ఎబ్బె ఆల్ట్‌బర్గ్. ఎవరొచ్చినా లోపల ఉండేవాళ్ల దిగులు ఒకటే: వీళ్లు మనలాగే లాగిన్ అయి తిరుగుతారా, బయట కూర్చుని లెక్కలే చూస్తారా అని. ఈ సమీక్ష రేపు ఆ కుర్చీ ఎక్కబోయేవారికి. కొత్తగా ఖాతా తెరుద్దామనుకునేవాళ్లకూ పనికొస్తుంది. ముందే చెప్పేస్తున్నా: ఇంత స్వేచ్ఛ ఇచ్చే వర్చువల్ ప్రపంచం ఇంకోటి లేదు. ఇంత కష్టమైన మొదటి గంట కూడా ఇంకెక్కడా ఉండదు.

అందుకే సీఈఓ గారూ, మొదటి రోజు ‘లిండెన్’ ఇంటిపేరున్న ఉద్యోగి ఖాతాతో రాకండి. మామూలు ఉచిత ఖాతా ఒకటి తెరవండి, పక్కన ఎవర్నీ కూర్చోబెట్టుకోకండి. ఒక్క పని పెట్టుకోండి: ఏదో ఒక షాపుకెళ్లి జుట్టు కొనుక్కుని తలకి పెట్టుకోవడం.

కొన్న జుట్టు చాలాసార్లు పెట్టెలో వస్తుంది. ఇన్వెంటరీలో, అంటే మీ వస్తువులన్నీ ఉండే సంచిలో, దాని మీద రైట్ క్లిక్ చేస్తే ‘వేర్’ కనిపిస్తుంది. కొత్తవాళ్లు అదే నొక్కుతారు, ఎందుకంటే జుట్టు వేసుకోవడానికే కదా కొన్నది. పెట్టె వచ్చి కుడిచేతికి అంటుకుంటుంది. బోడిగుండుతో, చేతికి ఓ పెద్ద చదరపు పెట్టెతో డాన్స్ క్లబ్బులో నిలబడ్డ మనిషి కనిపిస్తే పాతవాళ్లు ఇట్టే గుర్తుపడతారు, చాలామంది వెళ్లి సాయం కూడా చేస్తారు. అసలు పద్ధతి ఇదీ: పెట్టెని ఇన్వెంటరీ నుంచి నేల మీదికి లాగాలి, రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్’ నొక్కాలి, లోపలివి ఇన్వెంటరీకి కాపీ చేసుకోవాలి, అప్పుడు కొత్తగా వచ్చిన ఫోల్డర్‌లోంచి జుట్టు వేసుకోవాలి. చిక్కు ఎక్కడంటే, నేల మీద వస్తువు పెట్టాలంటే ఆ స్థలం యజమాని అనుమతి ఉండాలి. చాలా షాపుల్లో ఉండదు. అప్పుడు ‘శాండ్‌బాక్స్’ అనే బహిరంగ స్థలం వెతుక్కుని, అక్కడికి టెలిపోర్ట్ అయి పెట్టె విప్పుకోవాలి. జుట్టు కోసం ఊరు దాటాలన్నమాట.

ఈ మధ్య చాలామంది తయారీదార్లు పెట్టెలోనే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) పెట్టి, చేతికి తగిలించుకోగానే దానంతటదే విప్పుకునేలా చేస్తున్నారు. అంటే ఈ సమస్యని పరిష్కరించింది అమ్మకందార్లు. వ్యూయర్‌లోనే (సెకండ్ లైఫ్‌ని తెర మీద చూపించే ప్రోగ్రాంలోనే) ‘పెట్టె విప్పు’ అని ఒక బటన్ పెట్టడం మీ మొదటి వారం పని కావాలి.

తర్వాతది ఒళ్లు. మొదట ఉచితంగా ఇచ్చే అవతార్లతో తిరగొచ్చు, కానీ షాపుల్లో బట్టలు దాదాపు అన్నీ విడిగా కొనే మెష్ బాడీల (3డి సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఒళ్ల) కోసం కుట్టినవే. ఒక కంపెనీ బాడీకి కుట్టిన గౌను ఇంకో కంపెనీ బాడీకి పట్టదు, పొట్ట దగ్గరో భుజం దగ్గరో చర్మం బట్టలోంచి పొడుచుకొస్తుంది. బాడీకీ తలకీ కలిపి కొన్ని వేల లిండెన్ డాలర్లు (ఇక్కడి డబ్బు) అవుతాయి. అమెరికన్ డాలరుకి సుమారు 250 లిండెన్ డాలర్లు వస్తాయి కాబట్టి, 5000 అంటే 20 అమెరికన్ డాలర్లు. కొనేముందు డెమో తీసుకోవడం మర్చిపోవద్దు, దాదాపు ప్రతి షాపులోనూ ఇస్తారు. చెప్పులకి ఇంకో తిప్పలు: పాదం చదునుగా, కొంచెం ఎత్తుగా, బాగా ఎత్తుగా అని రకరకాల భంగిమలుంటాయి. మడమ ఎత్తు చెప్పులేసుకుని పాదం చదునుగా వదిలేస్తే వేళ్లు చెప్పులోంచి బయటికొస్తాయి. 2019లో వచ్చిన ‘బేక్స్ ఆన్ మెష్’ వల్ల చర్మం, పచ్చబొట్లు, లోపలి బట్టలు నేరుగా మెష్ ఒంటి మీదే కనబడుతున్నాయి. పొరలు పొరలుగా కట్టిన పాత ‘ఉల్లిపాయ’ బాడీల బరువు తప్పింది. మంచి పని. ఇలాంటివి ఇంకా కావాలి.

ఇక ల్యాగ్, అంటే అంతా నత్తనడక నడవడం. కొత్త సీఈఓ వినబోయే ఫిర్యాదుల్లో సగం దీని గురించే ఉంటాయి, వాటిలో చాలావాటికి మీ సర్వర్లు కారణం కాదు. అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

ఒక రీజియన్ అంటే 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు ఉన్న నేల. దాన్ని ఒక సిమ్యులేటర్ (సర్వర్ మీది ప్రోగ్రాం) నడుపుతుంది, సెకనుకి 45 ఫ్రేముల చొప్పున. ఒక్కో ఫ్రేముకి దక్కేది 22 మిల్లీసెకన్లు. వస్తువుల కదలికలు, ఢీకొనడాలు (ఫిజిక్స్), స్క్రిప్టులు, అక్కడున్న అవతార్లు అన్నీ అందులోనే ఇమడాలి. కంట్రోల్, షిఫ్ట్, 1 కలిపి నొక్కితే గణాంకాల పట్టీ తెరుచుకుంటుంది. అందులో సిమ్ ఎఫ్‌పీఎస్ (సిమ్యులేటర్ సెకనుకి నడిపే ఫ్రేములు) 45 దగ్గర, టైమ్ డైలేషన్ (సర్వర్ వెనకబడకుండా ఉందా అన్న కొలత) 1 దగ్గర ఉండి, మీ సొంత ఎఫ్‌పీఎస్ మాత్రం 8, 10 చూపిస్తోందంటే తప్పు సర్వర్‌ది కాదు. మీ గ్రాఫిక్స్ కార్డు మోయలేకపోతోంది.

ఎందుకు మోయలేదో ఒక చెవి కమ్మ చూస్తే తెలుస్తుంది. 1024 పిక్సెళ్ల చతురస్రపు టెక్స్చర్ (వస్తువు మీద అతికే బొమ్మ), పారదర్శకతతో కలిపి, కార్డు మెమరీలో విప్పుకుంటే 4 మెగాబైట్లు. 512కి తగ్గిస్తే 1 మెగాబైట్. గోరంత కమ్మకి తయారీదారు నాలుగు 1024 టెక్స్చర్లు అతికిస్తే 16 మెగాబైట్లయింది. దగ్గరికి జూమ్ చేస్తే తప్ప ఆ తేడా ఎవరికీ కనపడదు. క్లబ్బులో 40 మంది ఉంటే, ఒక్కొక్కరి ఒంటి మీదా జుట్టు, నగలు, గోళ్లు, కనురెప్పలు... లెక్క మీరే వేసుకోండి. జనానికి చెప్పాల్సిన చిట్కా: గ్రాఫిక్స్ సెట్టింగుల్లో డ్రా డిస్టెన్స్‌ని (ఎంత దూరం దాకా చూపించాలన్నది) 64 నుంచి 96 మీటర్ల మధ్య పెట్టి, నీడలు తీసేసి, అవతార్ కాంప్లెక్సిటీ (ఒక్కో అవతార్ గీయడానికయ్యే బరువు) పరిమితి తగ్గించండి. పరిమితి దాటినవాళ్లు ఒకే రంగు జెల్లీ బొమ్మల్లా కనబడతారు. చూడ్డానికి నవ్వొస్తుంది కానీ లాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది.

సర్వర్ వైపు ల్యాగ్‌కి పాత జుట్లు మంచి ఉదాహరణ. మెష్ 2011లో వచ్చింది. అంతకుముందు జుట్టుని వందా నూటయాభై ప్రిమ్‌లతో (దిమ్మెల్లాంటి ప్రాథమిక ఆకారాలతో) అల్లేవాళ్లు. సైజు సరిచేసుకోవడానికి ప్రతి ప్రిమ్‌లోనూ ఒక రీసైజ్ స్క్రిప్ట్ పెట్టేవాళ్లు. మోనో అనే ఇంజిన్‌లో నడిచే ఒక్కో స్క్రిప్టుకి 64 కిలోబైట్ల వరకు మెమరీ ఉంటుంది. ఆ తలతో మీరు టెలిపోర్ట్ అయితే నూటయాభై స్క్రిప్టులూ ఒక సిమ్యులేటర్ నుంచి మూటకట్టుకుని ఇంకో దాంట్లో దిగాలి. కొత్త మనిషి దిగగానే క్లబ్బులో అందరూ ఒక క్షణం కొయ్యబారిపోతే, ఆ తలలో ఏముందో చూడాల్సిందే. మందు తేలికే: సైజు సరిచేసుకున్నాక మెనూలో ‘డిలీట్ స్క్రిప్ట్స్’ ఉంటే నొక్కేయడం. అంతకంటే ముందు ఒక కాపీ దాచుకోవాలి, తీసేసిన స్క్రిప్టులు తిరిగి రావు. సీఈఓ గారు చేయాల్సిందల్లా, శనివారం రాత్రి కిటకిటలాడే క్లబ్బుకి నాలుగేళ్ల పాత లాప్‌టాప్‌తో వెళ్లి ఒక గంట డాన్స్ చేయడం. ఆఫీసులోని ఖరీదైన మెషీన్‌తో వెళ్తే ఏమీ తెలియదు.

రీజియన్ సరిహద్దుల గురించి కూడా చెప్పాలి. బ్లేక్ సముద్రంలో తెరచాప పడవ నడపడం సెకండ్ లైఫ్‌లో దొరికే గొప్ప ఆనందాల్లో ఒకటి, అందులో సందేహం లేదు. కానీ ప్రతి 256 మీటర్లకీ పడవనీ మిమ్మల్నీ ఒక సిమ్యులేటర్ ఇంకోదానికి అప్పజెప్పాలి. పడవ ముందు చేరి మీరు వెనకబడితే సీటు జారిపోయి నీళ్లలో తేలతారు, పడవ తనదారిన తను పోతుంది. నడిపేవాళ్లు పాటించాల్సినవి: ఒంటి మీద స్క్రిప్టులున్న వస్తువులు తగ్గించుకోండి, సరిహద్దుని మూలన కాకుండా నేరుగా దాటండి, ఒకదాని వెంట ఒకటి రెండు సరిహద్దులు వస్తుంటే వేగం తగ్గించండి. తప్పిపోయిన పడవ కొన్నిసార్లు ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ ఫోల్డర్‌లో తేలుతుంది. కాపీ హక్కు లేని, అంటే మీ దగ్గర ఒక్కటే ఉండే, పడవైతే అది తేలేదాకా ప్రాణం కుదుటపడదు. 2020లో సర్వర్లన్నీ అమెజాన్ క్లౌడ్‌కి మారాయి. మారినా ఈ అప్పగింత మాత్రం అలాగే ఉంది. మీ ఇంజినీర్ల సమయంలో పెద్ద వాటా దీనికివ్వండి.

ధరల జోలికి వెళ్లేముందు 2008 అక్టోబర్‌ని గుర్తుంచుకోండి. ఓపెన్‌స్పేస్ అనే తేలికపాటి రీజియన్లని నెలకి 75 అమెరికన్ డాలర్లకి ఇచ్చేవాళ్లు. ఉద్దేశం సముద్రాలు, అడవులు. 3750 ప్రిమ్‌లు పడతాయి కాబట్టి జనం ఇళ్లు కట్టి అద్దెలకిచ్చారు, సర్వర్ల మీద భారం పెరిగింది. ధరని 125కి పెంచుతామని ల్యాబ్ ఒక్క ప్రకటన చేసింది. లోపల అద్దెదార్లతో ఒప్పందాలు చేసుకున్నవాళ్లకి అది పిడుగుపాటు. ధర్నాలు, ప్లకార్డులు, వదిలేసిన ద్వీపాలు. చివరికి ‘హోమ్‌స్టెడ్’ అనే కొత్త రకం రీజియన్ పుట్టింది. భారం ఎక్కువైందన్న ల్యాబ్ మాట నిజమే. చాలినంత ముందస్తు గడువు ఇవ్వకపోవడం, ఏది ఎంత వాడితే భారమో మొదట్లోనే రాసి పెట్టకపోవడం పొరపాటు. దీనికి భిన్నంగా 2018లో పూర్తి ద్వీపం (ఒక పూర్తి స్థాయి రీజియన్) నెల ధరని 295 నుంచి 249కి దించారు. ఇక్కడ నేలని అద్దెకిచ్చేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు మీ కస్టమర్లు మాత్రమే కాదు, ఈ ఊరిని కట్టినవాళ్లూ వాళ్లే. మార్కెట్‌ప్లేస్ (సెకండ్ లైఫ్ వెబ్ షాపు) కమీషన్ 5 శాతం నుంచి 10కి పెంచినప్పుడు ఆ బరువు మోసిందీ వాళ్లే.

వ్యూయర్ని కొత్తగా చేద్దామనిపిస్తే 2010 చూడండి. వ్యూయర్ 2లో పక్కనుంచి ఒక పట్టీ తెరుచుకుని తెరని ఆక్రమించేది, అలవాటైన బటన్లు మాయమయ్యాయి. 2007లోనే వ్యూయర్ సోర్స్ కోడ్ బయటికి ఇచ్చేయడం వల్ల జనం ఇతరులు తయారుచేసిన వ్యూయర్లకి వెళ్లిపోయారు. ఫైర్‌స్టార్మ్‌కి ఇప్పుడున్న ఆదరణకి బీజం అక్కడే పడింది. దాన్ని పోటీగా చూడొద్దు. యూజర్లకి ఏం కావాలో ఉచితంగా చెబుతున్న పరిశోధన శాఖ అది.

అదే ఏడాది ఇంటిపేర్లు కూడా తీసేశారు. అప్పటిదాకా జాబితాలోంచి ఒక ఇంటిపేరు ఎంచుకునేవాళ్లు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లూ ‘రెసిడెంట్’ అయిపోయారు. పదేళ్ల తర్వాత, 2020లో ఇంటిపేర్లు తిరిగొచ్చాయి, డబ్బులు కట్టే ప్రీమియం సభ్యులకి. ఒకప్పుడు ఊరికే ఇచ్చినదాన్ని తీసేసి మళ్లీ అమ్మడం బాగోలేదు. కనీసం మొదటిసారి పేరు మార్పు ఉచితంగా ఇవ్వండి. ఇక ‘దీన్ని వదిలేసి కొత్త ప్రపంచం కడదాం’ అని ఎవరైనా సలహా ఇస్తే ల్యాబే కట్టిన రెండో ప్రపంచం సాన్సార్ ఫైలు తెప్పించుకోండి. 2017లో జనానికి తెరిచారు, 2020లో అమ్మేశారు. జనం పాత ఇల్లు ఖాళీ చేయలేదు, ఎందుకంటే ఏళ్ల తరబడి పోగేసిన ఇన్వెంటరీ, స్నేహాలు అక్కడే ఉన్నాయి. క్యాన్సర్ పరిశోధనకి ఏటా విరాళాలు పోగుచేసే రిలే ఫర్ లైఫ్ నడిచేదీ అక్కడే. 2004లో రాసిన స్క్రిప్ట్ ఇవాళ కూడా పనిచేస్తుంది. ఆ ఒక్క గుణం కోసం ఈ సేవకి నేను అయిదుకి నాలుగు ఇస్తాను.

తెలుగువాళ్లు లాగిన్ అయితే ఏం ఎదురవుతుందో చెప్పి ముగిస్తాను. సర్వర్లు అమెరికాలో ఉంటాయి కాబట్టి హైదరాబాద్ నుంచి ప్రతి క్లిక్కూ వెళ్లి రావడానికి పావు సెకను పడుతుంది. పడవ పందేలకి అది ఇబ్బంది, కచేరీలు వినడానికి కాదు. ఒక చాట్ మెసేజ్‌కి పరిమితి 1023 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, మన లిపికి మూడు. గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి: ‘స్త్రీ’ అన్న ఒక్క మాటకే 18 బైట్లు. పెద్ద సంగతులైతే నోట్‌కార్డ్‌లో రాసి ఇవ్వడం మేలు.

గడియారం పసిఫిక్ సమయంలో నడుస్తుంది. అక్కడి వేసవిలో మనకి పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. అక్కడ రాత్రి 7కి మొదలయ్యే కచేరీ మనకి మర్నాడు పొద్దున్న ఏడున్నరకో, ఎనిమిదిన్నరకో. అక్కడ తెల్లవారుజామున, పొద్దున్నే పడే రీజియన్ రీస్టార్టులు (సర్వర్ని ఆపి మళ్లీ నడపడం), సాధారణంగా మంగళ, బుధవారాల్లో, మనకి సాయంత్రం సరిగ్గా తీరిక దొరికే వేళకి వస్తాయి. హెచ్చరిక కనబడగానే ఇంకో రీజియన్‌కి టెలిపోర్ట్ అవ్వాలి, లేకపోతే లాగౌట్ చేసేస్తుంది. కాపీ హక్కు లేని వస్తువు నేల మీద ఉంటే ముందు దాన్ని ఇన్వెంటరీలోకి తీసుకోవాలి. సీఈఓ గారూ, ఆ రీస్టార్టుల వేళల్ని ప్రతి యూజరుకీ తన ఊరి సమయంలో లాగిన్ తెర మీదే చూపించండి.