రీసెర్చ్ పేపర్‌కు డబ్బు కట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి, నావి 8,700 పోయాయి

పీహెచ్‌డీ, పీజీ ప్రాజెక్టులు చేస్తున్నవాళ్లు దయచేసి ఇది చదవండి, ముఖ్యంగా నాలాగా పగలు కాలేజీలో పాఠాలు చెప్పి రాత్రిళ్లు పేపర్లు వెతుక్కునేవాళ్లు. ఒకే ఒక్క పేపర్ కోసం మా ఆయన క్రెడిట్ కార్డు మీద 8,700 రూపాయల పైన పోగొట్టుకున్నాను. ఆ పేపర్ ఉచితంగానే ఉంది. ఎక్కడో దొంగ సైట్లో కాదు, నేను వెతికిన గూగుల్ స్కాలర్ (పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ సైట్) పేజీలోనే, నేను నొక్కిన లింకుకు రెండు వేళ్ల కింద.

నా టాపిక్ అనంతపురం వైపు వేరుశనగలో అఫ్లటాక్సిన్. కాయ ఊరే టైములో వాన ముఖం చాటేస్తే, నేలలో ఉండే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు గింజలోకి దిగి తయారుచేసే విషం అది. పరిశోధన సారాంశం, అదే సినాప్సిస్, ఇవ్వడానికి రెండే రోజులు ఉందనగా, చివరి దశ బెట్ట మీద ఒక పాత పేపర్ తప్పకుండా చూడమని గైడ్ మేడమ్ చెప్పారు. స్కాలర్‌లో కొట్టగానే మొదటిదే వచ్చింది. టైటిల్ మీద నొక్కితే పబ్లిషర్ పేజీకి వెళ్లింది, 39.95 డాలర్లు, అదీ 48 గంటలు చూసుకోవడానికట. రెండు రోజుల చూపుకు మూడున్నర వేలా అనుకుని, టైటిల్ కాపీ చేసి మామూలు గూగుల్‌లో పెట్టాను. నా అసలు తప్పు ఇక్కడే మొదలైంది.

అన్నిటికంటే పైన ఒక యాడ్. ఏ రీసెర్చ్ పేపరైనా ఒక్క డాలరుకే, వారం రోజుల ట్రయల్. సైట్ చూడ్డానికి నీట్‌గా ఉంది, మూలన కాన్వొకేషన్ టోపీ బొమ్మ కూడా పెట్టారు, ఒక్క డాలరంటే సాయంత్రం బజ్జీల ఖర్చే కదా అని కార్డు నంబర్ కొట్టేశాను. విదేశీ సైట్ కాబట్టేమో, ఓటీపీ కూడా అడగలేదు. అప్పుడైనా అనుమానం రావాల్సింది. రాత్రి పదకొండున్నరకి, సినాప్సిస్ టెన్షన్‌లో, రాలేదు.

ఇంతకీ వచ్చిందేమిటి? పేపర్ మొదట్లో ఉండే చిన్న పేరా, ఎక్కడైనా ఉచితంగా కనిపించే అబ్‌స్ట్రాక్ట్ ఒకటి, దాని కింద కంప్యూటర్ రాసిన ఒక పేజీ సారాంశం. అందులో చెనిక్కాయ, అంటే వేరుశనగ, కొమ్మలకు కాస్తుందన్నట్టు రాసి ఉంది. అనంతపురంలో పుట్టి పెరిగినదాన్ని, అది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలు పేపర్ ఏదంటే, మీ రిక్వెస్ట్ మా లైబ్రేరియన్ దగ్గర ఉంది అని ఒక లైను. ఆ లైబ్రేరియన్ ఇప్పటిదాకా పలకలేదు.

సినాప్సిస్ ఆ పేపర్ లేకుండానే ఇచ్చేశాను, ఆ గొడవలో ట్రయల్ సంగతే మర్చిపోయాను. ఎనిమిదో రోజు 49 డాలర్లు కట్. మెసేజ్ వెళ్లింది మా ఆయన ఫోనుకి, ఆయనేమో నేనేదో పుస్తకం కొన్నాననుకుని ఊరుకున్నారు. మరుసటి నెల ఇంకో 49 పోయాక అడిగారు. డాలర్లలో కడితే బ్యాంకు వేసే మార్కప్ ఫీజూ దాని మీద జీఎస్టీ కలిపితే పైన చెప్పిన లెక్క. ఆయన ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

సైట్లో క్యాన్సిల్ బటన్ లేదు, మెయిల్ పెట్టమన్నారు, నాలుగు మెయిళ్లకు జవాబు లేదు. బ్యాంకులో డిస్ప్యూట్ ఫారం నింపితే ఇరవై రోజుల తర్వాత, కార్డు వివరాలు మీరే ఇచ్చారు, షరతులకు ఒప్పుకున్నారు అని కంప్లైంట్ మూసేశారు. తర్వాత ఆ సైట్ మళ్లీ తెరిచి చూస్తే నిజంగానే ఉంది, పే బటన్ కింద లేత బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో నెలనెలా 49 అని. కట్టిన రోజే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఉంటే కనీసం ఆ రంగైనా చూపించేదాన్ని.

ఇదంతా గైడ్ మేడమ్‌కి చెబితే ఆవిడ తన కంప్యూటర్లో స్కాలర్ తెరిచి అదే టైటిల్ కొట్టారు. రిజల్ట్ కింద సైటెడ్ బై, రిలేటెడ్ ఆర్టికల్స్ పక్కన ఆల్ 6 వెర్షన్స్ అని ఉంటుంది చూడండి, దాని మీద వేలు పెట్టి, "ఏమ్మా, దీన్ని ఎప్పుడైనా నొక్కావా?" అన్నారు. మూడేళ్లుగా రోజూ చూస్తున్నాను, ఒక్కసారి కూడా నొక్కలేదు. నొక్కితే ఆరు లింకులు, వాటిలో మూడోది పటాన్‌చెరువులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల ఓపెన్ యాక్సెస్ రిపాజిటరీ, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పేపర్లు పెట్టే చోటు. మొత్తం పీడీఎఫ్, టేబుల్స్‌తో సహా. ఇక్రిశాట్ పనిచేసే పంటల్లో వేరుశనగ ఒకటని నా సినాప్సిస్ మొదటి పేజీలో నేనే రాశాను.

కాబట్టి కార్డు తీసే ముందు స్కాలర్ రిజల్ట్‌లో టైటిల్ మీద నొక్కకుండా, ముందు దాని కుడి పక్కన చూడండి. ఉచిత కాపీ దొరికితే అక్కడ పీడీఎఫ్ అని కనిపిస్తుంది. లేకపోతే ఆల్ వెర్షన్స్. అదీ కాకపోతే పేపర్ రాసినవాళ్లకు రెండు లైన్ల మెయిల్ పెట్టండి, నేను ముగ్గురికి పెడితే ఇద్దరు మర్నాటికల్లా పంపారు, ఒకాయన డేటా కూడా ఇచ్చారు. జర్నల్‌కు కట్టే డబ్బులో వాళ్లకు మామూలుగా పైసా రాదు, ఎవరో ఒకరు చదివితే చాలనుకుంటారు. ఇక 2025 జనవరి నుంచి కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పెట్టింది, 30 మంది పబ్లిషర్లవి దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ యూనివర్సిటీలకు, కాలేజీలకు అందులో వస్తాయి. మాది ప్రైవేటు కాలేజీ, మాకు లేదు. కానీ నేను రిజిస్టరైంది స్టేట్ యూనివర్సిటీలో, అక్కడి లైబ్రరీలో అడిగితే లాగిన్ ఇచ్చారు. అడగడమే ఆలస్యం. ఈ సంగతి మాకు ఎవరూ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఇంకో సంగతి. స్కాలర్‌లో కనిపించింది కదా, మంచి పేపరే అయుంటుంది అనుకోవద్దు. దాన్ని ఏరేది మనుషులు కాదు, ప్రోగ్రాం. పేపర్‌లా కనిపించిందల్లా ఎత్తుకొస్తుంది, డబ్బులిస్తే ఏదైనా వేసే జర్నళ్లతో సహా. 2010లో ఫ్రాన్స్‌లో సిరిల్ లాబే అనే ఆయన, కంప్యూటర్‌తో దాదాపు వంద అర్థంలేని పేపర్లు తయారుచేయించి, ఒకదాన్నొకటి రిఫరెన్సుగా చూపించుకునేలా అల్లి నెట్‌లో పెడితే, స్కాలర్ వాటిని చేర్చుకుంది, ఆ లేని రచయిత హెచ్-ఇండెక్స్ (ఆయన పేపర్లను మిగతావాళ్లు ఎంతగా వాడుకున్నారో చెప్పే అంకె) 94కి పోయింది. ఆ రచయిత పేరు ఐక్ అంట్కరే, గబగబా పలికి చూడండి, ఐ కాంట్ కేర్ అని వినిపిస్తుంది. మేడమ్ ఇది చెప్పి పడీపడీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే నా సినాప్సిస్‌లో రిఫరెన్సుగా చూపిన రెండు పేపర్లు డబ్బులిస్తే ఏదైనా వేసే జర్నళ్లవేనని అప్పుడే తేలింది. నమ్మదగ్గ జర్నళ్ల కోసం యూజీసీ పెట్టిన కేర్ లిస్టు చూసుకోండి అందామన్నా, దాన్ని 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఇప్పుడు నేను జర్నల్ పేరు డీఓఏజేలో, అంటే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితాలో, ఉందా, ఎడిటర్లు నిజంగా ఆ యూనివర్సిటీల్లో పనిచేస్తున్నారా అని చూస్తున్నాను, పది నిమిషాల పని.

స్కాలర్ మొదటి పేజీలో మహామహుల భుజాల మీద నిలబడండి అని ఇంగ్లిష్‌లో ఉంటుంది. నేను నిలబడింది మా ఆయన కార్డు మీద.

ఇప్పటికే ఇలాంటి ట్రయల్‌లో ఇరుక్కున్నవాళ్లు ముందు బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆఫ్ చేయండి, సైట్ వాళ్ల జవాబు కోసం కూర్చోకండి. నేను నాలుగు మెయిళ్లు పెట్టి కూర్చున్నా లాభం లేకపోయింది. మేము కార్డే మార్చేశాం. మొన్న ఆ సైట్ నుంచి మెయిల్ వచ్చింది, సగం ధరకే తిరిగి రమ్మని. నేను పెట్టిన నాలుగు మెయిళ్లకు జవాబు రాలేదు, ఈ ఆఫర్ మెయిల్ మాత్రం టైముకి వచ్చింది.