పోలీసు నాకాల కత్తి బయటికొస్తే మీదికి పోవాల్నా, వెనక్కి జరగాల్నా?

మాది బల్లార్‌పూర్. ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ, టీవీల హిందీ, చంద్రపూర్ జిల్లాల మా అసోంటి ఇండ్లన్నిట్ల ఇదే కథ. మా మేనమామ మహారాష్ట్ర పోలీసుల శిపాయిగ చేరి ఏఎస్ఐగ రిటైర్ అయిండు, సర్వీసు సగం నాకాల మీదనే, అంటే బండ్లు ఆపి తనిఖీ చేసే చెక్‌పోస్టుల మీదనే గడిచింది. రాజురా దాటి లక్కడ్‌కోట్ దిక్కు పోతే అవతల వాంకిడి, ఆసిఫాబాద్, అంటే తెలంగాణ. 2015 ఏప్రిల్ నుంచి 2021 దాక మా జిల్లాల దారుబందీ (మందు అమ్ముడు బంద్) ఉండె, అవతల మాత్రం దుకాణాలు బార్లా తెరిచి ఉండె, ఇగ ఆ రోడ్డు మీద రాత్రి పూట బండ్లు ఎట్ల ఉరికేటియో చెప్పనక్కర లేదు.

పోయిన దివాళికి అందరం కూడినప్పుడు ఒక లొల్లి మొదలైంది. మా బావమరిది ఫోన్ల ఏదో అమెరికా వీడియో పెట్టిండు, పోలీసాయన కారు ఆపి లైసెన్స్ అడుగుతున్నడు, లోపలోడు తుపాకీ తీసిండు, పోలీసాయన ఒక్క దుంకు దుంకి కారు వెనక్కి ఉరికిండు. "ఏం పిరికోడు బావా, మనోళ్లయితే చేయి పట్టి బయటికి గుంజుదురు" అన్నడు మా వాడు. మామ చాయ్ కప్పు కింద పెట్టి "గుంజినోళ్ల ఫోటోలు స్టేషన్ గోడకు దండలేసి ఉన్నయ్ రా" అన్నడు. ఇగ ఆ రాత్రంతా ఇదే ముచ్చట. నేను అప్పటి నుంచి అటు ఇటు చదివి, మామను సతాయించి, నాకు తోచింది రాస్తున్న. నేను పోలీసును కాదు, గ్యారేజీ నడుపుకునేటోన్ని, అది మనసుల పెట్టుకుని చదవున్రి.

మీదికి పోవుడు గురించి మాట్లాడితే మహారాష్ట్రల ఎవరైనా ముందు తీసే పేరు ముంబై పోలీసు ఏఎస్ఐ తుకారాం ఓంబ్లే. 2008 నవంబర్ 26 రాత్రి, ముంబై గిర్గావ్ చౌపాటీ కాడ నాకాబందీ. స్కోడా కార్ల ఇద్దరు ఉగ్రవాదులు వస్తున్నరని వైర్‌లెస్‌ల ముందే చెప్పిన్రు. కారు బ్యారికేడ్ చూసి ఆగి, వెనక్కి తిప్పబోయి డివైడర్‌కు గుద్దుకుంది. ఒకడు పోలీసుల కాల్పులకు పడ్డడు, రెండోడు కసబ్. ఓంబ్లే చేతుల లాఠీ తప్ప ఏం లేదు, ఉరికి పోయి ఏకే-47 గొట్టం పట్టుకున్నడు, తూటాలు ఆయన ఒంట్లెకే పోయినయ్, పట్టు మాత్రం విడువలే, ఆ సందుల మిగతావాళ్లు మీద పడి కసబ్‌ను ప్రాణంతోటి పట్టిన్రు. ఆయనకు చనిపోయినంక అశోక చక్ర ఇచ్చిన్రు. మా బావమరిది ఇదే ఎత్తిండు, "మరి ఓంబ్లే వెనక్కి జరిగిండా?" అని. మామ కొంచెం సేపు ఏం మాట్లాడలే.

తర్వాత మెల్లగ చెప్పిండు. ఓంబ్లే అప్పటికే చేయి అందేటంత దూరంల ఉన్నడు, అంత దగ్గర ఉన్నంక వెనక్కి తిరిగితే వీపుల తగులుతది, తూటా కంటే మన కాళ్లు ఉరకయ్. ఇంకోటి, పొడుగు తుపాకీకి ఉన్న బలహీనతే దాని పొడుగు, గొట్టం పట్టి ఒక దిక్కు ఒంచితే మిగతా దిక్కులల్ల ఉన్నోళ్లు బతుకుతరు. అన్నిటికన్న ముఖ్యంగ ఆయన ఒక్కడే లేడు, వెనక జట్టు ఉన్నది, కాల్చేటోళ్లు కాలుస్తున్నరు, కొట్టేటోళ్లు రెడీగ ఉన్నరు. అదే ఒక హవల్దారు, ఒక హోంగార్డు ఇద్దరే ఉన్న మా బార్డర్ నాకాల ఇది చేస్తే ఒకరు చనిపోతరు, రెండో ఆయనను కూడా పొడిచి వాడు బండెక్కి పోతడు.

పైగా కత్తి వేరే లెక్క. తుపాకీకి పట్టుకునే గొట్టం ఉన్నది, కత్తికి ఏమున్నది? 2020 ఏప్రిల్ 12న పటియాలా పక్కన సనౌర్ కూరగాయల మార్కెట్ కాడ లాక్‌డౌన్ తనిఖీ చేస్తున్నరు, కర్ఫ్యూ పాస్ అడిగితే బండి బ్యారికేడ్‌ను గుద్దింది, దిగినోళ్లు తల్వార్లతో మీద పడ్డరు, ఏఎస్ఐ హర్జీత్ సింగ్ చేయి మణికట్టు కాడ తెగి పడింది. చండీగఢ్ పీజీఐ ఆస్పత్రి డాక్టర్లు ఏడున్నర గంటలు ఆపరేషన్ చేసి మళ్ల అతికిచ్చిన్రు, అది వాళ్ల గొప్పతనం. అడిగింది ఒక్క కాగితం, అంతే.

ఇగ వెనక్కి జరుగుడు. అమెరికావాళ్లకు ఈ బుద్ధి ఉత్తగనే రాలే. 1970 ఏప్రిల్‌ల కాలిఫోర్నియా న్యూహాల్ కాడ ఒక కారు ఆపిన్రు, డ్రైవర్ కిందికి దిగిండు, అందరి ధ్యాస కొంచెం సడలింది, పక్క సీట్లోడు తుపాకీతోటి దుంకిండు, ఐదు నిమిషాలు కూడా కాకముందే నలుగురు హైవే పోలీసులు చనిపోయిన్రు. ఆ తర్వాతనే అక్కడ ట్రైనింగ్ మారింది. 1983ల సాల్ట్ లేక్ సిటీ పోలీసు డెన్నిస్ ట్యూలర్ ఇంకో లెక్క బయట పెట్టిండు: కత్తి పట్టినోడు 21 అడుగులు ఉరికి రావడానికి ఒకటిన్నర సెకను చాలు, నడుముకున్న పిస్తోలు తీసి కాల్చడానికి కూడా అంతే టైం పడతది. అంటే ఆ దూరంల ఉంటే ఇద్దరూ సమానం. 21 అడుగులంటే ఎంతనుకున్నరు, ఒక బొలెరో పొడుగు, దాని మీద ఇంకో సగం కంటే కొంచెం ఎక్కువ. మన దగ్గర లైసెన్స్ చూసేటప్పుడు కిటికీల తల పెట్టి చూస్తరు!

నేను నమ్మలే. మామ లేచి "వాకిట్లకు రా" అన్నడు. పిల్లలకు కొన్న టిక్లీల పిస్తోలు నడుముల చెక్కుకున్నడు, నాకు మా అత్త చపాతీలు చేసే కర్ర ఇచ్చి తులసి గద్దె కాడ నిలబెట్టిండు, మధ్యల ఏడు పెద్ద అంగలు, అంటే అదే 21 అడుగులు, లెక్కపెట్టిండు. "నీ ఇష్టమున్నప్పుడు రా" అన్నడు. నాకు నలభై దాటినయ్, పొట్ట ఉన్నది, చెప్పులు కూడ ఇప్పలే. ఉరికిన. మామ చేయి పిస్తోలు పిడి మీద పడేసరికి చపాతీ కర్ర ఆయన బనీను మీద ఉన్నది. మూడు సార్లు చేసినం, ఒక్కసారి టిక్లీ పేలింది కానీ అది నేను తగిలినంకనే. మా బావమరిది నవ్వుడు ఆపలే.

అసలు ముచ్చట తర్వాత ఉన్నది. మామ స్కూటీ తెచ్చి మా ఇద్దరి మధ్యల అడ్డంగ పెట్టిండు, అదే దూరం, అదే కర్ర. ఈసారి నేను చుట్టు తిరగాల్సి వచ్చింది, మామ అటు జరిగిండు, నేను ఇటు పోతే ఆయన మళ్ల అటు, ఆ సందుల టిక్లీ రెండుసార్లు పేలింది. పిస్తోలు అదే, మనిషి అదే, వయసు అదే. మధ్యల ఒక స్కూటీ. నా లెక్కల మొత్తం చర్చకు జవాబు ఆ స్కూటీల ఉన్నది, ఉరుకుడా ఆగుడా అన్నది తర్వాత, ముందు మనకూ వానికీ నడుమ ఏదన్న అడ్డం ఉన్నదా లేదా అన్నది చూడాలె. ఉత్తగ వెనక్కి నడిస్తే ఏం లాభం లేదు, ముందుకు ఉరికేటోడు వెనక్కి నడిచేటోని కంటే ఎప్పుడైనా జోరుగ వస్తడు, వెనక్కి నడిచేటోడు గుంతల కాలు పెట్టి పడతడు. ఇంజిన్ ఉన్న బండి ముందు భాగం, సిమెంట్ దిమ్మె, జీపు, ఏదో ఒకదాని వెనక్కి పోవాలె.

మన తుపాకీల సంగతి కూడ చెప్పాలె. అమెరికా పోలీసుకు నడుముకు పిస్తోలు. మన నాకాల ఉంటే గింటే ఒకరి దగ్గర ఇన్సాస్ రైఫిల్, దగ్గర దగ్గర నాలుగు కిలోలు, మీటరుకు కొంచెం తక్కువ పొడుగు, భుజానికి ఏలాడుతది. దాన్ని ఏసుకుని కిటికీ కాడ వంగితే అది వానికే అందుతది. మామ ఉన్నన్ని రోజులు ఒకటే పద్ధతి నడిపిండట, రైఫిల్ ఉన్నోడు బండి దగ్గరికి రానే రావద్దు, జీపు వెనక నిలబడి చూడాలె, మాట్లాడేటోని దగ్గర లాఠీ, టార్చ్ మాత్రమే. 2015 ఏప్రిల్‌ల సూర్యాపేట బస్టాండ్‌ల ఏమైందో తెలంగాణోళ్లకు యాదికుంటది, అర్ధరాత్రి బస్సు తనిఖీ చేస్తుంటే ఇద్దరు తుపాకులు తీసి కాల్చిన్రు, ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయిన్రు. హోంగార్డు చేతుల ఏముంటది చెప్పున్రి.

మూడో దారి గురించి ఎవరూ మాట్లాడరు, విడిచిపెట్టుడు. బండే ఆయుధమైతే దాని ముందు నిలబడుడు ధైర్యం కాదు. 2018 నవంబర్‌ల మా జిల్లాలనే నాగభీడ్ పీఎస్ఐ (ఎస్సై) ఛత్రపతి చిడేను దారు బండి కింద ఏసి చంపిన్రు. 2022 జులైల హర్యానా నూహ్ కాడ దొంగ మైనింగ్ డంపర్‌ను ఆపబోయి ఒక డీఎస్పీ అట్లనే పోయిండు. దారు పెట్టెలకో, రాయి లోడుకో ప్రాణం పోవుడు ఏం న్యాయం? గంజాయి బండ్లయితే ఇంకా మొండిగ వస్తయ్, ఎందుకంటే 20 కిలోలు దాటితే ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కింద తక్కువల తక్కువ పదేండ్లు, బెయిల్ కూడ అంత సులువుగ దొరకదు, ఇగ లోపలోనికి ఆగితే ఏం మిగలదని తెలుసు. అసోంటి బండిని పోనిచ్చి, నంబర్ వైర్‌లెస్‌ల చెప్పి ముందు నాకాల మేకుల పట్టీ పరిపిస్తే టైర్లే దాన్ని ఆపుతయ్. బార్డర్ల తకరార్ ఏందంటే ముందు నాకా వేరే రాష్ట్రానిది, వాళ్ల వైర్‌లెస్ వేరే, మన మాట వాళ్లకు చేరేసరికి బండి ఊరి రోడ్లల్ల మాయం. మామ అందుకని అవతలి స్టేషనోళ్ల సొంత ఫోన్ నంబర్లు చిన్న డైరీల రాసిపెట్టుకునేటోడు, దివాళికి మిఠాయి కూడ పంపేటోడు.

కోర్టుల సంగతి జల్దీగ చెప్తా. సీఆర్‌పీసీ జాగల వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్‌ల 43వ సెక్షన్ అరెస్టుకు ఎంత బలం అవసరమో అంత వాడుకోమంటది, కానీ ఉరో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ ఉన్నోడు కాకుంటే అరెస్టు పేరు మీద ప్రాణం తియ్యొద్దంటది. ప్రాణరక్షణ హక్కు వేరే, అది ఐపీసీ జాగల వచ్చిన బీఎన్ఎస్‌ల 34 నుంచి 44 సెక్షన్ల దాక, పోలీసుకైనా మనకైనా ఒకటే. పోలీసు కాల్పులల్ల చావు జరిగితే 2014ల సుప్రీంకోర్టు పెట్టిన నియమాల ప్రకారం ఎఫ్ఐఆర్, సీఐడీయో వేరే స్టేషనో విచారణ. కాబట్టి పారిపోయే బండి మీద కాల్చినోడు నౌకరీ మీద కూడ కాల్చుకున్నట్టే. ఈ లెక్కల కూడ వెనక్కి జరిగినోడే నయం, ఆలోచించే టైం దొరుకుతది కదా.

దొరికినంక కథ అయిపోయిందనుకోవద్దు. 2025 అక్టోబర్‌ల నిజామాబాద్‌ల, మా పక్కన్నే, బండ్ల దొంగను పట్టుకుని స్టేషన్‌కు తీసుకపోతున్న కానిస్టేబుల్‌ను వాడు కత్తితోటి పొడిచి చంపిండు. పట్టుకున్నంక మొదటి పని నడుము, చీలమండలు, వీపు తడిమి చూసుడు, చేతులు వెనక్కి కట్టుడు. డ్రగ్స్, దొంగ ఆయుధాల కేసులల్ల బేడీలు ఏయొచ్చని కొత్త చట్టంల రాసి ఉన్నది కూడ.

ఇగ నా ఫైసలా. చేయి అందేటంత దగ్గర తుపాకీ కనబడితే, వెనక జట్టు ఉంటే, ఓంబ్లే దారి, వేరే దారి లేదు కాబట్టి. కత్తయితే ఎన్నడూ మీదికి పోవద్దు, అడ్డం వెనక్కి పోవాలె, లాఠీ పొడుగును వాడుకోవాలె. బండయితే పక్కకు తప్పుకోవాలె. నూటికి తొంభై సార్లు వెనక్కి జరుగుడే మేలని నేనంటా, మా బావమరిది ఇప్పటికీ ఒప్పుకోడు, వానికి నా మీద చపాతీ కర్ర పట్టుకుని ఉరికే మోజు ఇంకా తీరలే.

ఇంకొక్కటి, మామ పదే పదే చెప్పేది, ఏ దిక్కు నుంచి పోవాలె అన్నది. మన దేశంల డ్రైవర్ కుడి దిక్కు, బండి ఎడమ అంచుకు ఆగుతది, డ్రైవర్ కిటికీ కాడ నిలబడితే లారీలన్నీ మన వీపు రాసుకుంట పోతయ్. ఎడమ కిటికీకి పోతే లారీల భయం లేదు, డ్రైవర్ చేతులు రెండూ కనబడతయ్, వాడు మనను ఆ దిక్కు అనుకోడు. అది కూడ ముందు డోరుకు ఎదురుగ కాదు, డోరు వెనక ఉన్న స్తంభం కాడ, అప్పుడు లోపలోడు తిరిగి చూడాల్సి వస్తది.

పోయిన నెల మామ, నేను ఆసిఫాబాద్ దిక్కు పెండ్లికి పోతుంటే రాత్రి నాకాల ఆపిన్రు. శిపాయికి ఇరవై రెండో మూడో ఉంటయేమో, మీసాలు కూడ సరిగ రాలే, టార్చ్ ఎడమ చేతుల, కుడి చేయి ఖాళీ. మామ కూసున్న ఎడమ దిక్కుకే వచ్చి స్తంభం కాడ నిలబడి కాగితాలు అడిగిండు. మామ రెండు చేతులు పైకి చూపిచ్చి, ముందున్న డబ్బా తెరుస్తున్న బేటా అని మరాఠీల చెప్పి, మెల్లగ చేయి పెట్టిండు. ఆ పోరడు ఏం మాట్లాడకుండ ఒక అడుగు వెనక్కి జరిగి, టార్చ్ మామ చేతుల మీద పెట్టిండు.

నాకా దాటినంక మామ అద్దంల వెనక్కి చూసుకుంట "జరిగిండు, చూసినవా" అన్నడు. వాంకిడి దాక మళ్ల ఏం మాట్లాడలే.