హైడ్రోస్టాటిక్ ట్రాక్టర్: కాలు తీస్తే ఆగే బండి

హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ ఉన్న చిన్న ట్రాక్టర్‌నీ, అలాంటిదే ఒక యుటిలిటీ బండినీ కొన్నేళ్లుగా నడుపుతున్నాను. క్లచ్ తొక్కే పని లేదని వీటిని అందరూ మెచ్చుకుంటారు. నాకు అంతకంటే నచ్చింది వేగం తగ్గే తీరు.

ఇంజిన్ పంపును తిప్పుతుంది, పంపు తోసే ఆయిల్ మోటార్‌ను తిప్పుతుంది, దాంతో చక్రాలు కదులుతాయి. పంపులో స్వాష్ ప్లేట్ అని ఒక వాలే పళ్లెం ఉంటుంది, అది ఎంత వాలితే అంత ఆయిల్ వెళ్తుంది. బండిని నడిపే పెడల్‌ను వదులుతున్నకొద్దీ ఆ ప్లేట్ వాలు తగ్గి, ఆయిల్ కూడా తగ్గుతుంది. బండి దాని ఊపులో ముందుకు పోవాలని చూసినా, మోటార్‌లోంచి వచ్చే ఆయిల్‌కు దారి ఉండదు. అలా వేగం తగ్గిపోతుంది. లోడర్‌తో (ముందు ఉండే మట్టి ఎత్తే బకెట్) గోడ దగ్గరకు వెళ్లేటప్పుడు అంగుళం అంగుళంగా జరపడం ఇందులో ఎంత సులువో, గేర్ల బండి నడిపినవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

అయితే కాలు ఒక్కసారిగా తీసేయకూడదు. బండి గట్టిగా కుదుపుతుంది, బకెట్‌లో మట్టి ఉంటే ముందుకు ఒరుగుతుంది. తడి గడ్డి మీద, కంకర మీద వెనక చక్రాలు జారతాయి కూడా. పల్లంలో దిగేటప్పుడు బరువు ముందుకు పడి, వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది. అందుకే వాలు కనిపిస్తే ముందే ఫోర్ వీల్ వేస్తాను. నాలుగు చక్రాలూ కలిసి ఆపుతాయి.

రేంజ్ (వేగానికి హై, నెమ్మదిగా బలంగా లాగడానికి లో) విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. హై రేంజ్‌లో బరువుతో దిగితే బండి మనల్ని లాక్కుపోతున్నట్టు ఉంటుంది, ఇంజిన్ మోత కూడా పెరుగుతుంది. వాలు మొదలవకముందే బండి ఆపి లో రేంజ్‌లోకి మార్చాలి. దిగుతూ మధ్యలో రేంజ్ లివర్‌ను న్యూట్రల్‌లోకి తెచ్చారంటే చక్రాలకూ ట్రాన్స్‌మిషన్‌కూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు మిగిలేది బ్రేక్ పెడల్ ఒక్కటే. వెనక ట్రాలీ ఉంటే ఆ పరిస్థితి ఊహించడానికే టెన్షన్‌గా ఉంటుంది.

ఇంకో మాట, కాలు తీస్తే ఆగుతుంది కదా అని వాలులో అలాగే వదిలేసి దిగిపోవద్దు. పంపు, మోటార్ లోపల కొంచెం ఆయిల్ ఎప్పుడూ లీక్ అవుతుంది, వేడెక్కి పలచబడితే ఇంకాస్త ఎక్కువ. బండి మెల్లగా పాకుతుంది. పార్కింగ్ బ్రేక్ వేయాల్సిందే.

ఎత్తు ఎక్కేటప్పుడు బండి నీరసపడితే పెడల్ ఇంకా తొక్కాలనిపిస్తుంది. చేయాల్సింది దానికి వ్యతిరేకం: కాస్త వదిలితే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది.

రోజంతా దుక్కి దున్నేవాళ్లకు గేర్ల ట్రాక్టరే మేలు, ఆయిల్ ద్వారా తిప్పడంలో కొంత శక్తి వేడిగా పోతుంది మరి. లోడర్ పని, గడ్డి కోత, మాటిమాటికీ ముందుకూ వెనక్కూ తిరిగే పనులైతే నేను దీన్నే ఎంచుకుంటాను.