అడ్డుతెరకు రెండు తెలుపులు: డార్క్‌టేబుల్‌ను ఏళ్ల తరబడి వాడాక

ఫోటోలు సరిచేసుకునే సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్ గురించి రాసేవాళ్లంతా అది ఉచితం అన్న మాటతో మొదలుపెడతారు. నేనూ ఉచితమనే మొదలుపెట్టాను, కాదనను. కానీ ఇన్నేళ్లూ దాన్ని వదలకపోవడానికి కారణం డబ్బు కాదు, లైటు వల్ల మారిన రంగులను సరిచేసే కలర్ కాలిబ్రేషన్ అనే ఒక్క మాడ్యూల్ (అందులోని పరికరాలను మాడ్యూళ్లంటారు). 2020 డిసెంబరులో 3.4 వెర్షన్‌తో వచ్చింది. అది లేకపోతే మా బంధువుల పెళ్లిళ్లలో నేను తీసిన ఫోటోల్లో సగం ఎవరికీ చూపించలేకపోయేవాణ్ణి. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది. బటన్లు ఎక్కడున్నాయి, ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలి లాంటివి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

ముందు నా సంగతి. నాది బ్యాంకు ఉద్యోగం, ఫోటోలు సరదా. చుట్టాల్లో కాస్త మంచి కెమెరా ఉన్నది నా దగ్గరే కాబట్టి ఏ శుభకార్యమైనా "నువ్వు కెమెరా తెచ్చుకో" అంటారు. అసలు ఫోటోగ్రాఫర్ స్టూడియో నుంచి వేరే వస్తాడు, నావి పక్క నుంచి తీసేవి. కెమెరా నికాన్ డీ7200, దాని మీద ఎక్కువగా 35 ఎమ్ఎమ్ ఎఫ్/1.8 లెన్సు. రెండూ పాతవే, రెండింటి గురించీ కొత్తగా చెప్పేదేమీ లేదు. రాత్రి ముహూర్తాలకు ఆ ఎఫ్/1.8 వల్లే బతికిపోతున్నాను, అంతే.

అసలు బాధంతా ఫంక్షన్ హాల్ లైట్లతో. మండపం వెనక డెకరేషన్ వాళ్లు పెట్టిన నీలం, గులాబీ ఎల్ఈడీ లైట్లు, పైన పసుప్పచ్చ సీరియల్ బల్బులు, ఎదురుగా వీడియో వాళ్ల స్టాండు మీద కళ్లు బైర్లు కమ్మే తెల్ల లైటు, భోజనాల వైపు నుంచి ట్యూబులైట్ల వెలుగు. నాలుగు రకాల వెలుగులు ఒకే ఫ్రేములో పడతాయి. తెల్లటి వస్తువు తెల్లగానే కనిపించేలా రంగులు సర్దే కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ మొత్తం ఫ్రేముకి కలిపి ఒకే ఒక్క తెలుపును ఊహిస్తుంది. దానికి తోడు మన పెళ్లిళ్లలో పసుపు ఎక్కువ: మొహాన పసుపు, బంతిపూలు, తలంబ్రాలు, పసుపు బట్టలు. అంత పసుపును చూసి కెమెరా లైటే పసుపుగా ఉందనుకుని మొత్తాన్ని నీలం వైపు లాగేస్తుంది. మంగళస్నానం ఫోటోల్లో పెళ్లికూతురు జ్వరం వచ్చినదానిలా పాలిపోయి కనిపించడానికి సగం కారణం ఇదే. డార్క్‌టేబుల్‌లో కూడా ఫోటోను చూసి లైటు రంగును దానంతటదే కనుక్కునే ఆప్షన్లు ఉన్నాయి గానీ, పసుపు దగ్గర అవీ ఇలాగే బోల్తా పడతాయి.

కలర్ కాలిబ్రేషన్ గొప్ప నాకు బాగా తెలిసొచ్చింది మా పిన్ని కూతురి పెళ్లిలో. తణుకు దగ్గర ఒక ఫంక్షన్ హాలు, రాత్రి బాగా పొద్దుపోయాక ముహూర్తం. పెళ్లికొడుకు కూర్చున్న వైపు డెకరేషన్ నీలం లైటు నేరుగా పడుతోంది, మా చెల్లి వైపు వీడియో వాళ్ల తెల్ల లైటు. జీలకర్ర బెల్లం పెట్టుకునే క్షణం ఎలాగూ ఒక్కసారే వస్తుంది, నాలుగైదు ఫ్రేములు తీయగలిగాను, ఫోకస్ బాగానే కుదిరింది. మర్నాడు కెమెరా వెనక స్క్రీన్ మీద చూసి మా పిన్ని, "అల్లుడుగారు అలా నీలంగా ఉన్నారేంట్రా, కృష్ణుడి వేషం వేసినట్టు?" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ ఫోటో కావాలని కూడా అంది. స్టూడియో వాళ్ల ఫోటోలో ఆ క్షణానికి ఎవరిదో తల అడ్డొచ్చిందట.

ఇంటికొచ్చి మామూలుగా చేసే పనే చేశాను, వైట్ బ్యాలెన్స్ స్లైడర్లు జరపడం. అబ్బాయి మొహం బాగుపడితే అమ్మాయి మొహం నారింజ రంగుకి వెళ్తుంది, అమ్మాయిని బాగుచేస్తే అబ్బాయి మళ్లీ నీలం. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. కెల్విన్, టింట్ అని చాలా సాఫ్ట్‌వేర్లలో కనిపించే రెండు స్లైడర్లు ఎండ, నీడ, ఫిలమెంటు బల్బు లాంటి వెలుగుల కోసం చేసినవి. కాగే ఇనుము ఎరుపు నుంచి తెలుపుకీ, ఆ పైన నీలపు ఛాయకీ మారే వరుస ఆ కెల్విన్ అంకె. డెకరేషన్ ఎల్ఈడీ నీలం ఆ వరుసకు దగ్గర్లో కూడా ఉండదు. కలర్ కాలిబ్రేషన్‌లో ఆ లైటును కొలిస్తే కెల్విన్ అంకె పక్కనే ఇది చెల్లదు అని నిజాయితీగా చెప్పేస్తుంది. కెల్విన్‌తో పని లేకుండా లైటు ఏ రంగు, ఎంత గాఢం అని విడివిడిగా చెప్పే కస్టమ్ ఆప్షన్ అందులో ఉంది. మొదట నాకు నచ్చింది అదే.

కొలవడానికి తెల్లగా ఉన్న వస్తువొకటి కావాలి కదా. పంతులుగారి పంచె మీద పెట్టి చూశాను, కుదరలేదు. ఉతికేటప్పుడు నీలిమందు పెట్టిన పంచె కంటికి తెల్లగా ఉంటుంది గానీ అసలు నీలపు ఛాయే, దాన్నే తెలుపనుకుంటే మిగతా అంతా పసుపు రంగుకి తిరుగుతుంది. అప్పుడు తట్టింది అడ్డుతెర. జీలకర్ర బెల్లానికి ముందు వధూవరుల మధ్య పట్టుకునే ఆ గుడ్డ, మధ్యలో కుంకుమ రంగు స్వస్తిక్ తప్ప మిగతా అంతా తెలుపే, అదీ చలువ చేయని కొత్త గుడ్డ. పైగా ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి ఫోటోలు తీసి ఉన్నాను. అబ్బాయి వైపు నుంచి తీసిన ఫోటోలో తెర మీద పడింది అబ్బాయి మొహం మీద పడిన లైటే, అమ్మాయి వైపు ఫోటోలో అమ్మాయి మీది లైటే. రంగులు వాటంతటవే మారే మోడ్‌లో డెకరేషన్ వాళ్లు ఆ రాత్రి లైట్లు పెట్టకపోవడం నా అదృష్టం. పెట్టి ఉంటే ఈ కథే లేదు.

రెండు తెరల మీదా పిక్కర్‌తో, అంటే ఎంచుకున్న చోటి రంగును చదివే పరికరంతో, రెండు లైట్లు కొలిచాను. అమ్మాయి వైపు కొలతను జీలకర్ర బెల్లం ఫోటోలో కలర్ కాలిబ్రేషన్‌కి ఇచ్చాను, అబ్బాయి వైపు కొలతను అదే మాడ్యూల్ ఇంకో కాపీ తెరిచి దానికిచ్చాను. ఒకే మాడ్యూల్‌ను ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, ప్రతి కాపీకీ వేరే మాస్క్, అంటే సవరణ ఫోటోలో ఏ భాగం మీద పడాలో చెప్పే హద్దు. అబ్బాయి చుట్టూ చేత్తో గీసిన మాస్క్ ఒకదానికి, అదే మాస్క్‌ను రాస్టర్ మాస్క్‌గా (ఒక కాపీ మాస్క్‌ను ఇంకో కాపీలో వాడుకునే పద్ధతి) తీసుకుని తిరగేసి రెండోదానికి. అంటే ఒకటి పనిచేసే చోట రెండోది పనిచేయదు, రెండిటి మధ్యా ఖాళీ ఉండదు. మామూలు వైట్ బ్యాలెన్స్ మాడ్యూల్‌ను మాత్రం కెమెరా రెఫరెన్స్ దగ్గరే వదిలేయాలి, లేకపోతే సవరణ రెండుసార్లు పడిందని ఎర్ర అక్షరాలతో హెచ్చరిస్తుంది. చివర మరీ గాఢమైన రంగులను తగ్గించే గామట్ కంప్రెషన్ స్లైడర్ కొంచెం పెంచితే నీలం మీద ఉన్న ఊదా మచ్చలు కూడా సర్దుకున్నాయి.

అబ్బాయి మొహానికి చామనఛాయ తిరిగొచ్చింది. పక్కన చెల్లి మొహం ఆమె మొహంలాగే ఉంది. నుదుటి బాసికం మీద బంగారు రంగు బంగారు రంగులాగే ఉంది. పన్నెండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, లేకపోతే అప్పుడే లేపి చూపించేవాణ్ణి. మా పిన్ని దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది, ఇప్పటికీ ఉంది.

అయితే ఆ ఫ్రేము దగ్గరికెళ్లి చూస్తే నాకు కనిపించేది వేరు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అమ్మాయి చెయ్యి అబ్బాయి తల మీదకి వెళ్తుంది కదా, అంటే ఆమె చెయ్యి సగం తెల్ల లైటులో, సగం నీలం లైటులో ఉంటుంది. మాస్క్ అంచు సరిగ్గా మోచేతి దగ్గర పడింది. ఎంత మెత్తగా చేసినా అక్కడ గాజుల పైన ఒక జానెడు మేర చర్మం బూడిద రంగుగా ఉండిపోయింది. ఇంకెవరూ గమనించలేదు, నేను చెప్పనూ లేదు. ఇంకో సంగతి, ఈ పని ఒక్క ఫోటోకి బాగుంది. పక్క ఫ్రేముకి అవే సెట్టింగులు కాపీ చేస్తే లైటు కొలతలు సరిగ్గానే వస్తాయి గానీ చేత్తో గీసిన మాస్క్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, మనుషులు కదిలి ఉంటారు. మళ్లీ గీసుకోవాలి. గీయకుండా రంగును బట్టి ఎంచుకునే పారామెట్రిక్ మాస్క్ ఉంది, నీలం ఉన్నచోటే పనిచెయ్యి అని చెప్పొచ్చు, అప్పుడది వెనకాల నించున్న అత్తయ్య నీలం పట్టుచీరను కూడా లైటే అనుకుని వెలవెలబోయేలా చేస్తుంది. పెళ్లి మొత్తం ఇలా సరిచేశానని చెప్పను. కావలసిన ఏడెనిమిది ఫోటోలకు చేశాను, మిగతావి ఉన్నవున్నట్టు ఇచ్చేశాను.

అసలు సరికానివి కూడా ఉన్నాయి. మా చెల్లి పెళ్లిలో నీలంతో పాటు పై బల్బుల వెలుగు కూడా అబ్బాయి మొహాన కొంత పడింది కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ సమాచారం రా ఫైల్లో (కెమెరా ఏమీ సర్దకుండా దాచే అసలు ఫైలు) ఎంతో కొంత ఉంది. సంగీత్‌లో తీసినవాటిలో మొహం మీద నీలం తప్ప ఇంకేమీ లేదు. అలాంటివాటికి ఏ సాఫ్ట్‌వేరూ లేని రంగును పుట్టించలేదు. వాటిని అదే మాడ్యూల్లోని గ్రే ట్యాబ్‌తో బ్లాక్ అండ్ వైట్ చేసేశాను, అదీ బాగానే ఉంది, పిల్లలు స్టైలుగా ఉందన్నారు. ఎల్ఈడీల వల్ల ఫ్రేములో అడ్డంగా పడే చారలు కూడా తర్వాత కూర్చుని తీసేసేవి కావు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, షట్టర్ 1/100 లేదా 1/50 దగ్గర పెట్టుకుంటే చాలావరకు చారలు తప్పుతాయి. డిమ్మర్ ఉన్న డెకరేషన్ లైట్లకు ఆ లెక్క కూడా పనిచేయదు.

వేగం సంగతి. నా లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. కలర్ కాలిబ్రేషన్ రెండు కాపీలు పెట్టినా నడుస్తుంది. కానీ డిఫ్యూజ్ ఆర్ షార్పెన్ అనే మాడ్యూల్ ముట్టుకుంటే లేచి కాఫీ పెట్టుకుని రావచ్చు. రాత్రి ఫోటోలకు గరుకుదనం తగ్గించే ప్రొఫైల్డ్ డీనాయిస్ తప్పదు, అదీ బరువే. ఓపెన్‌సీఎల్ (లెక్కలను గ్రాఫిక్స్ కార్డుతో చేయించే పద్ధతి) పనిచేసే కార్డు ఉన్న మా ఆఫీసు మిత్రుడి మెషీన్లో ఇవే ఫోటోలు స్లైడర్ జరిపినంతసేపట్లో మారుతున్నాయి, చూసి కొంచెం కుళ్లుకున్నాను. కాబట్టి ఉచితం అన్న మాటలో లాప్‌టాప్ ఖర్చు కూడా కలుపుకోండి.

దీన్ని వాడాలనుకుంటూ కెమెరా కొనేవాళ్లు ముందు ఒక్కటి చూసుకోవాలి, ఆ కెమెరా రా ఫైళ్లు ఇందులో తెరుచుకుంటాయా అని. కానన్ సీఆర్3 రకం రా ఫైళ్లు 2018లో ఈఓఎస్ ఎమ్50 కెమెరాతో వచ్చాయి, డార్క్‌టేబుల్ వాటిని తెరవడం 2021 చివర్లో 3.8తో మొదలైంది. నికాన్ జడ్8, జడ్9ల్లో హై ఎఫిషియెన్సీ అనే కంప్రెషన్ పెట్టి తీసిన రా ఫైళ్లదీ అదే అవస్థ, వాటిలో మామూలు లాస్‌లెస్ కంప్రెషన్ ఎంచుకుంటే గొడవ లేదు. నా డీ7200 పాతది కావడం ఇక్కడ కలిసొచ్చింది, ఏనాడూ ఈ ఇబ్బంది పడలేదు. కొత్త మోడల్ వచ్చిన వారమే కొనే అలవాటున్నవాళ్లకు మాత్రం ఇది చికాకు పెడుతుంది.

ఇంకా రెండు మూడు మాటలు. వెలుగునీడలను సర్దే ఫిల్మిక్ మాడ్యూల్‌తో నేను చాలా కుస్తీ పట్టాను, దీపం మంటలు దాంతో నాకెప్పుడూ నచ్చేలా రాలేదు. 4.2లో అదే పని చేసే సిగ్మాయిడ్ వచ్చాక దానికే మారిపోయాను, ముఖ్యమైనవి రెండే స్లైడర్లు, ఆలోచించే పని తక్కువ. ఎడిట్లన్నీ ఫోటో పక్కనే చిన్న ఎక్స్ఎమ్‌పీ ఫైల్లో ఉంటాయి, హార్డ్ డిస్క్ మార్చినప్పుడు ఫోల్డర్‌తో పాటు అవీ వచ్చేశాయి, మళ్లీ ఇంపోర్ట్ చేయగానే చేసిన పనంతా కనిపించింది. రాథెరపీ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా కొన్నాళ్లు వాడాను, రంగులు హాయిగా ఉంటాయి, కానీ ఫోటోలో ఒక ముక్కను విడిగా సరిచేసే పరికరాలు అందులో 2022లో 5.9 వచ్చేదాకా ఇంత బాగా లేవు, అప్పటికి నా చెయ్యి దీనికి అలవాటైపోయింది.

మా ఊళ్లో స్టూడియో నడిపే ఒకాయనకు ఇదంతా చూపించాను. ఆసక్తిగా చూసి, "బాగుందండీ, కానీ నాకు ఎల్లుండికి ఆల్బమ్ ఇవ్వాలి" అన్నాడు. ఆయన చెప్పింది సబబే. రెండు వేల ఫోటోలు రెండు రోజుల్లో తేల్చి, పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైళ్లు) టెంప్లేట్లలో కూర్చి కరిజ్మా ఆల్బమ్‌కు పంపాల్సినవాళ్లకు దీన్ని సిఫారసు చేయలేను. ఆల్బమ్ పేజీలు కట్టే పని డార్క్‌టేబుల్ చేయనే చేయదు. గింప్ అనే ఇంకో ఉచిత ఎడిటర్ పీఎస్‌డీలు తెరుస్తుంది గానీ అక్షరాలూ ఎఫెక్టులూ అన్నిసార్లూ ఉన్నట్టు రావు. ఆదివారం మధ్యాహ్నం ఒక్క ఫోటో ముందు గంటసేపు కూర్చోగల నాలాంటివాళ్లకైతే సరే. ఇద్దరు మనుషులు రెండు రంగుల లైట్లలో ఉన్న ఫోటోలు మీ దగ్గర లేకపోతే, అసలు మీరు పగలే ఫోటోలు తీసేవాళ్లయితే, నేను ఇంతసేపు మెచ్చుకున్నదాని అవసరం మీకు పడకపోవచ్చు, ఫోన్లో ఉన్న ఎడిటరే సరిపోతుంది. నేను మాత్రం కొత్త కెమెరా ఆలోచన పక్కనపెట్టి, ఆ డబ్బుతో 16 జీబీ ర్యామూ ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డూ ఉన్న లాప్‌టాప్ కోసం చూస్తున్నాను.